గోంగూర మడి నేర్పిన గణితం

మా పెరటిలో గోంగూర మడి వేయాలని ఒక వసంతంలో సంకల్పించాము. కుందేళ్ళ బెడద వలన కంచె తప్పనిసరి. మా వద్ద ఉన్నది 40 అడుగుల కంచె. ఒక వైపు ఇంటి గోడ ఉన్నందున మూడు వైపులకే కంచె చాలును. దీర్ఘచతురస్రాకారపు మడికి అత్యధిక వైశాల్యం లభించాలంటే కొలతలు ఎట్లుండాలి?

"చతురస్రమే" అన్నాను తడుముకోకుండా. చిన్ననాడు బడిలో కంఠస్థం చేసిన సూత్రమది. అప్పుడు ఒక్కొక్క భుజం 13 అడుగుల పైచిలుకు, వైశాల్యం దాదాపు 178 చదరపు అడుగులు. హైస్కూలు చివరి తరగతిలో ఉన్న మా అబ్బాయి కాగితం మీద నాలుగు పంక్తులు వ్రాసి, "కాదు నాన్నగారూ, 200 వస్తుంది" అన్నాడు.

వాడు ఆశ్రయించినది కలన గణితం. గోడకు లంబంగా ఉండే భుజం 'వ' అడుగులైతే, గోడకు సమాంతరమైన భుజం 40 − 2వ. వైశాల్యం 40వ − 2వ². దీని అవకలజం 40 − 4వ. దానిని సున్నకు సమానం చేస్తే వ = 10, రెండవ భుజం 20, వైశాల్యం 200.

"సున్న ఎందుకు చేశావు?" అని అడిగాను. "అట్లాగే చేయాలి" అన్నాడు. వాడి సమాధానం ఒప్పు, కాని కారణం తెలియదు. నా సూత్రమూ కారణం తెలియక వల్లించినదే. అది నాలుగు వైపులా కంచె వేసినప్పుడే చెల్లుతుంది.

ఇద్దరమూ కలిసి బీజగణితం వైపు మళ్ళాము. ఆ వైశాల్యాన్నే 200 − 2(వ − 10)² అని వ్రాయవచ్చును. ఏ వాస్తవ సంఖ్య వర్గమైనా ఋణాత్మకం కాదు. కనుక 200 నుండి తీసివేయడమే తప్ప కలపడం ఉండదు. వ = 10 అయినప్పుడు మాత్రమే తీసివేయవలసినది మిగలదు. ఇట్లు వర్గాన్ని పూర్తిచేసే ఉపాయం మన పూర్వులకు సుపరిచితం. వర్గ సమీకరణాలకు శ్రీధరాచార్యుడు చెప్పిన నియమాన్ని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో ఉదాహరించాడు.

ఇక సున్న రహస్యం. వ విలువ 5 నుండి 5.1 కి పెరిగితే వైశాల్యం 1.98 చదరపు అడుగులు పెరుగుతుంది. అదే 10 నుండి 10.1 కి మారితే తగ్గేది 0.02 మాత్రమే. కొండ ఎక్కేటప్పుడు ప్రతి అడుగుకూ ఎత్తు మారుతుంది, శిఖరాగ్రాన నేల చదునుగా ఉంటుంది. అవకలజం సున్న కావడమంటే అదే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఈ భావననే గ్రహించాడు. ఒక రేఖాఖండాన్ని రెండుగా విభజించి, ఆ భాగాల లబ్ధాన్ని గరిష్ఠం చేయడం ఆయన తీసుకున్న ఉదాహరణ. అది మా మడి లెక్కకు దగ్గరి చుట్టమే.

ఇక్కడి పాఠ్యపుస్తకాల పరిభాష మనకు కొత్త కావచ్చును. అంతమాత్రాన పిల్లల లెక్కలకు దూరంగా ఉండనవసరం లేదు. సమాధానం వచ్చిన తరువాత "ఎందుకు?" అని తెలుగులో అడిగినా చాలును. ఆనాడు ఆ ప్రశ్న మా ఇద్దరికీ పాఠం చెప్పింది. మడి మాత్రం 10 అడుగుల వెడల్పున, 20 అడుగుల పొడవున వేశాము.