వెరిబీ ఓటరు ఏం చెప్పాడు?

మనవాళ్లు నలుగురు ఒకచోట చేరితే అమరావతి రాజకీయాలు, హైదరాబాదు రాజకీయాలు అర్ధరాత్రి దాకా సాగుతాయి. ఏ జిల్లాలో ఎవరికి ఎన్ని సీట్లో వేళ్ల మీద లెక్క చెప్పేవారున్నారు. అదే పెద్దమనిషిని "ఇక్కడ మీ నియోజకవర్గం పేరేమిటండీ?" అని అడిగితే మాత్రం, పక్కనున్న శ్రీమతి వంక చూస్తారు! మనలో చాలామంది ఇళ్లు కట్టుకున్న మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఓటు ఎలా కదులుతోందో నాలుగు మాటలు చెప్పుకుందాం.

విక్టోరియా శాసనసభలో 88 స్థానాలు. నాలుగేళ్లకొకసారి నవంబరు చివరి శనివారం ఎన్నిక. వెరిబీ, టార్నీట్, మెల్టన్ వంటి శివారు స్థానాలు చాలాకాలంగా లేబర్ పార్టీకి పెట్టని కోటలు. కోట బలంగా ఉంటే ఆ పార్టీకి నిశ్చింత. ఎదుటి పార్టీకి నిరాశ. ఇద్దరి చూపూ నాలుగైదు శాతంతో తేలే తూర్పు శివార్ల మీదే ఉంటుంది. నష్టపోయేది కోటలో కాపురముండే మనమే.

ఈలోగా జనం పెరిగారు. వెరిబీ, టార్నీట్‌లు ఉన్న విండమ్ నగరపాలిక జనాభా 2001లో లక్ష లోపు; 2021 జనాభా లెక్కల్లో 2,92,000. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016లో సుమారు 34 వేలుంటే, 2021 నాటికి 59 వేలు దాటారు. ఇళ్లు లేచినంత వేగంగా రోడ్లు, బళ్లు, రైళ్లు రాలేదు. టార్నీట్ స్టేషను 2015లో తెరిచారు. వచ్చేవి మాత్రం దూరప్రాంతాల నుంచి నిండి వచ్చే డీజిలు బళ్లు. ప్రొద్దున్నే వాటిలో నిలబడి ఆఫీసుకు వెళ్లినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2022లో మొదటి హెచ్చరిక వచ్చింది. రాష్ట్రంలో లేబర్ 56 స్థానాలతో సునాయాసంగా గెలిచింది. కాని పడమర, ఉత్తర శివార్లలో చాలాచోట్ల దాని ఆధిక్యం తగ్గింది.

అసలు పాఠం 2025లో వచ్చింది. పదేళ్లు రాష్ట్ర ఆర్థికమంత్రిగా ఉన్న టిమ్ పాలస్ రాజీనామా చేయడంతో ఫిబ్రవరి 8న వెరిబీలో ఉప ఎన్నిక జరిగింది. 2022లో చివరి లెక్కలో 60 శాతం దాటిన లేబర్, ఈసారి 51 శాతం కూడా అందుకోలేదు. జాన్ లిస్టర్ వెయ్యి లోపు ఓట్లతో గట్టెక్కారు.

ఇక్కడొక ముఖ్యమైన విషయం గమనించాలి. లేబర్ పోగొట్టుకున్న మొదటి ప్రాధాన్య ఓట్లు సుమారు 16 శాతం. లిబరల్ పార్టీకి కొత్తగా చేరింది నాలుగు శాతం లోపే. రెండు పార్టీలూ చెరి 29 శాతం దగ్గర ఆగిపోయాయి. మిగిలిన నలభై పైచిలుకు శాతం స్వతంత్రులకు, చిన్న పార్టీలకు వెళ్లింది. అంటే ఓటరు ఒక ఇంటి నుంచి కదిలాడే గాని ఎదురింట్లో దిగలేదు. వీధిలో నిలబడి ఇద్దరినీ చూస్తున్నాడు.

ఇంత చీలినా ఫలితం తేలడానికి కారణం ప్రాధాన్య ఓటు. మన రాష్ట్రాల్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవారికి ఇది పరిచితమే. అందరికన్నా వెనకబడ్డ అభ్యర్థిని తప్పించి, ఆయన ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. ఒకరు సగం దాటేదాకా ఇలా సాగుతుంది. కాబట్టి చిన్న అభ్యర్థికి 1 వేస్తే ఓటు వృథా అవుతుందన్న భయం అక్కరలేదు. మీ 4, 5 అంకెలే ఎమ్మెల్యేని నిర్ణయించవచ్చు.

అయితే ఒక జాగ్రత్త. మన ఎమ్మెల్సీ ఎన్నికల్లోలా ఒక్క 1 వేసి ఊరుకుంటే విక్టోరియా శాసనసభ ఎన్నికల్లో ఓటు చెల్లదు. గళ్లన్నిటికీ వరుసగా అంకెలు వేయాలి. న్యూ సౌత్ వేల్స్ శాసనసభకు ఒక్క 1 చాలు. సిడ్నీ నుంచి మారి వచ్చిన కుటుంబాలు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఓటు చెల్లకపోతే జరిమానా పడదు గాని, మన మాట లెక్కలోకి రాదు. వెయ్యి లోపు ఓట్లతో తేలిన చోట అది చిన్న విషయమా?

ఏ పార్టీకి వేయాలో చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలుండటం ఆరోగ్యమే. పౌరసత్వం వచ్చిన వెంటనే పేరు నమోదు చేయించుకోండి. ఇల్లు మారితే చిరునామా మార్పించండి. బడి వాకిట్లో సాసేజీల పొగ మధ్య చేతికిచ్చే కరపత్రాన్ని మక్కికి మక్కి దించకుండా, ముందు రోజే ఇంట్లో కూర్చుని చదవండి. అభ్యర్థి ఇంటికొస్తే కాఫీ ఇచ్చి, "రైలు సంగతేమిటండీ?" అని అడగండి. వెరిబీ తర్వాత ఆ ప్రశ్నను ఏ పార్టీవారూ తేలిగ్గా తీసుకోలేరు.