పాత సైకిళ్లతో మూడు చక్రాల బండి

"అన్నా, నన్ను సెంటరు దాకా దింపిపోవా?"

"ఈ పూట కోతకు పిలిచారమ్మా. కూలి పోతుంది. రేపు చూద్దాం."

ఇలాంటి మాటలు చాలా ఇళ్లలో వినిపిస్తాయి. ఆ చెల్లెలికి చిన్నప్పుడు పోలియో వచ్చింది. రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతులు మాత్రం గట్టివి. కుట్టుపని నేర్చుకుంది. సెంటర్లో మిషను ముందు కూర్చుంటే నాలుగు డబ్బులు వస్తాయి. కాని అక్కడికి పోవాలంటే అన్న ఉండాలి. అన్నకు పని ఉన్న రోజు చెల్లెలికి పని లేదు.

2011 జనవరి తర్వాత మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో కేసు ఒక్కటీ రాలేదు. చుక్కల మందు చేసిన మేలు అది. కాని అంతకు ముందు పోలియో వచ్చినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ప్రమాదాల్లో కాళ్లు పోయినవాళ్లూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కదలిక లోపం ఉన్నవాళ్లు సుమారు 54 లక్షల మంది.

కాళ్లు పనిచేయకపోయినా చేతులు పనిచేస్తే బండి నడపొచ్చు. చేతితో తిప్పే మూడు చక్రాల బండి అది. పాత సామాన్లతో దాన్ని ఊళ్లోనే చేయించుకోవచ్చు. సైకిల్ షాపు మేస్త్రీ, వెల్డింగు పనివాడు కలిస్తే చాలు.

ఏమేమి కావాలి?

ఒకే కొలత చక్రాలున్న పాత సైకిళ్లు రెండు కావాలి. పాత ఇనుప సామాన్ల కొట్లో దొరుకుతాయి. ఇనుప గొట్టాలు, కొంచెం నవారు కూడా కావాలి. రెండు సైకిళ్లకు నాలుగు చక్రాలు. బండికి మూడు పోతే ఒకటి మిగులుతుంది. దాన్ని దాచిపెట్టుకోండి. ఎప్పుడైనా అక్కరకు వస్తుంది.

కొనే ముందు చక్రాన్ని తిప్పి చూడండి. రిమ్ము వంకరగా ఊగకూడదు. పుల్లలు వదులుగా ఉండకూడదు. గొట్టం తుప్పు పట్టి పలచబడితే వద్దు.

ముందు చక్రం

ఇక్కడ ఒక కిటుకు ఉంది. బండికి ముందు వేయాల్సింది సైకిల్ వెనక చక్రం. ఎందుకంటే ఫ్రీవీలు దానికే ఉంటుంది. ఆ చక్రం మామూలు ఫోర్కులో పట్టదు. వెడల్పు ఫోర్కు కట్టించాలి. ఫోర్కు మీద ఒక గొట్టం నిలబెట్టి, దాని పైన, రొమ్ము ఎత్తులో, పెడళ్లు బిగించాలి. కాళ్లతో తొక్కే పెడళ్లను ఇక్కడ చేతులతో తిప్పుతారు. ఆ గొట్టం ఫోర్కుతో పాటే తిరగాలి. లేకపోతే మలుపులో చైను మెలిపడి ఊడిపోతుంది.

పళ్ల లెక్క

చాలా పాత సైకిళ్లకు పెడళ్ల దగ్గరి చక్రానికి 44 పళ్లు, ఫ్రీవీలుకు 18 పళ్లు ఉంటాయి. పెడలు ఒక్కసారి తిప్పితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 7 అడుగుల 4 అంగుళాలు పోతుంది. అంటే ఒక్క తిప్పుకు దాదాపు 18 అడుగులు. కాళ్లకు అంత బలం ఉంది. చేతులకు లేదు.

కాబట్టి పైన కూడా 18 పళ్ల చిన్న చక్రమే వేయించాలి. అప్పుడు ఒక తిప్పుకు ఒక చుట్టే. బండి నెమ్మదిగా పోతుంది. కాని ఎత్తు ఎక్కేటప్పుడు భుజాలు నొప్పెట్టవు.

వెనక చక్రాలు

చాలా బండ్లు ఇక్కడే పాడవుతాయి. సైకిల్ చక్రం ఇరుసును రెండు వైపులా పట్టుకోవాలి. ఒక వైపే పట్టిస్తే బరువుకు వంగిపోతుంది. అందుకని ప్రతి చక్రానికీ లోపల ఒక గొట్టం, బయట ఒక గొట్టం ఉండాలి. గొట్టాలు మిగిల్చుకుందామని బయటిది మానొద్దు. బండి నడిరోడ్డులో కూలబడితే మనిషి లేచి పక్కకు పోలేడు.

కుర్చీ, బ్రేకు

కుర్చీకి నవారు అల్లండి. పాత ట్యూబులు పట్టీలుగా కోసి అల్లినా బాగుంటుంది. వెన్నెముక దెబ్బ తిన్నవాళ్లకు నడుము కింద స్పర్శ తెలియదు. ఒకేచోట కూర్చుంటే పుండ్లు పడతాయి. వాళ్లకు మెత్తటి దిండు తప్పనిసరి. మధ్యమధ్య చేతులు ఊని ఒళ్లు పైకి లేపుతుండాలి.

కుర్చీ మరీ ఎత్తుగా ఉంటే మలుపులో బండి బోల్తా పడుతుంది. పాదాల కింద అంచులున్న పలక వేయాలి. పాదం జారి చక్రంలో పడకూడదు.

బ్రేకు రెండు వెనక చక్రాలకూ ఉండాలి. ఒక్కదానికే ఉంటే బండి పక్కకు లాగుతుంది. బండి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కదలకుండా ఒక కొక్కెం పెట్టాలి. బ్రేకు రబ్బర్లు, బ్రేకు తీగలు, టైర్లు మాత్రం కొత్తవే కొనాలి. వీటి దగ్గర పొదుపు పనికిరాదు.

కొలతలు ఎవరివి?

బండి ఎవరిదో కొలతలూ వాళ్లవే. వాళ్లను కూర్చోబెట్టి కొలవాలి. పెడలు బాగా దూరంగా పోయినప్పుడు కూడా మోచేయి కొంచెం వంగి ఉండాలి. ఇంటి ముందు సందు వెడల్పు, గేటు వెడల్పు కూడా చూసుకోండి. బండి తయారయ్యాక సందులో పట్టకపోతే ఏం లాభం?

మెట్టు ఉన్నచోట వాలు దారి వేయాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటే సులువుగా ఎక్కుతుంది.

మొదట మనిషిని ఎక్కించొద్దు. మనిషి బరువుకు సరిపడా ఇసుక మూటలు పెట్టి నడిపించండి. వాలులో బ్రేకు వేసి చూడండి. మలుపు తిప్పి చూడండి. ఆ తర్వాతే మనిషి ఎక్కాలి. వారానికోసారి నట్లు బిగించి, చైనుకు నూనె వేయండి.

ప్రభుత్వం ఇచ్చే బండి

సాయం పరికరాలు ఇచ్చే కేంద్ర పథకం 1981 నుంచి ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లు అడగొచ్చు. ఆదాయ పరిమితి ఉంటుంది. వైకల్య ధ్రువపత్రం కావాలి. ఇలాంటి బండ్లు చేసే ప్రభుత్వ సంస్థ అలింకో 1972లో కాన్పూరులో ఏర్పడింది. అర్హత ఉంటే తప్పక దరఖాస్తు చేయండి. అది హక్కు. బండి వచ్చాక దాన్ని బాగుచేసుకోవడానికీ పైన చెప్పిన విషయాలే పనికొస్తాయి.

బండి వచ్చిన ఇంట్లో మాటలు మారతాయి.

"అన్నా, నేను సెంటరుకు పోతున్నా. వచ్చేటప్పుడు ఏమైనా తేవాలా?"

ఆలోచించండి

1. మీ ఊళ్లో నడవలేనివాళ్లు ఎంతమంది? వాళ్లలో ఎంతమందికి బండి ఉంది?

2. మీ ఊరి బడి, పంచాయతీ ఆఫీసు, రేషన్ షాపు లోపలికి మూడు చక్రాల బండి పోగలదా?

3. పోలేకపోతే వాలు దారి ఎవరు వేయాలి? గ్రామసభలో అడిగారా?