పెరటి కోడి జాతిని పట్టించే లెక్కలు

2019 నాటి 20వ పశుగణనలో దేశంలో 85.18 కోట్ల పెంపుడు పక్షులు తేలాయి. వాటిలో 31.7 కోట్లు పెరటివి. 2012 నుంచి పెరటి పక్షులు దాదాపు 46 శాతం పెరిగితే, ఫారాల్లోవి 4.5 శాతమే పెరిగాయి. మొత్తం 10.78 కోట్లతో ఆంధ్రప్రదేశ్‌ది తమిళనాడు తర్వాత రెండో స్థానం. కాబట్టి నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో కొత్తగా కొన్న పెట్టను చూసి, ఇది ఏ జాతి అని అడగడంలో వింత లేదు.

రంగు సాక్ష్యం చెల్లదు

కాకి, డేగ, నెమలి, సేతువ అని పిలిచేది ఈకల రంగును బట్టి. ఒకే పెట్ట పొదిగిన పిల్లల్లో కాకీ రావచ్చు, డేగా రావచ్చు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన కోడి జాతులు దేశంలో సుమారు 20. ఆంధ్రప్రదేశ్ పేరుతో కనిపించేవి నాలుగు: అసీల్, ఉత్తరాంధ్ర డంకి, శ్రీకాళహస్తి వైపు కాళహస్తి, కర్ణాటకతో పంచుకునే ఘాగస్. ఈ జాబితాకు ఎక్కని మామూలు నాటుకోళ్లే ఊళ్లలో ఎక్కువ.

తురాయి సగమే చెబుతుంది

అసీల్‌కు తురాయి చిన్నగా, తలకు అతుక్కుని, మూడు వరుసల బుడిపెలతో ఉంటుంది. నిటారు మెడ, బలమైన కాళ్లు, పుంజుకు 3 నుంచి 4 కిలోల బరువు దానికి తోడు. అయితే ఈ తురాయి జన్యుపరంగా బలమైన లక్షణం. మేలైన అసీల్ పుంజును రంపపు పళ్ల తురాయి ఉన్న నాటు పెట్టతో కలిపితే, పిల్లలన్నిటికీ బుడిపెల తురాయే వస్తుంది. ఆ పిల్లలు తమలో తాము జతకడితే నాలుగింట మూడింటికి అదే. మెండెల్ వారసత్వ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో విలియం బేట్‌సన్ చూపింది కోళ్ల తురాయిలతోనే. అంటే తురాయి మాత్రమే చూసి అసీల్ ధర పెడితే, సగం రక్తానికి నిండు ధర ఇచ్చినట్టే.

కడక్‌నాథ్ విషయమూ అంతే. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చర్మం, తురాయి, నాలుక నల్లగా ఉంటాయి. గుడ్డు మాత్రం నల్లగా ఉండదు. సంకర పిల్లల్లోనూ ఆ నలుపు కనిపిస్తుంది కాబట్టి అది ఒక్కటే చాలదు.

గుడ్ల లెక్క దాచలేరు

ఏడాదికి పెట్టే గుడ్లు సుమారుగా ఇలా ఉంటాయి:

- మామూలు నాటు పెట్ట: 50–60
- వనరాజా: 100–110
- రాజశ్రీ: 160
- గ్రామప్రియ: 160–180
- ఫారం లేయర్: 300కు పైగా

వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించినవి. చూపుకు నాటుకోడిలాగే రంగురంగులుగా ఉంటాయి కాబట్టి కళ్లు మోసపోతాయి. నాటు పెట్ట పదో పదిహేనో గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంటుంది. మెరుగుపరచిన రకాలకు పొదిగే గుణం దాదాపు ఉండదు. నాటు గుడ్డు 40 గ్రాముల చుట్టుపక్కల ఉంటే, గ్రామప్రియ గుడ్డు 55 గ్రాములు దాటుతుంది.

కాబట్టి చేయాల్సింది సులువే. గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ రాయండి, తూకం వేయండి, మూడు నెలలు లెక్క పెట్టండి. గుడ్లు పదిహేను దాటినా పొదగడానికి కూర్చోకపోతే అది సంస్థ రకమో, దాని సంకరమో.

విత్తనానికి పనికొస్తుందా?

వనరాజా సంకర రకం. దాని పిల్లల్లో తల్లి గుణాలన్నీ అలాగే దిగవు. ప్రతి తరమూ ఇంటి నాటు పుంజుతోనే కలిస్తే మొదటి తరంలో వనరాజా వాటా సగం, రెండో తరంలో పావు, మూడో తరంలో ఎనిమిదో వంతు. గుడ్ల కోసమైతే పిల్లల్ని ప్రతిసారీ కొత్తగా కొనాలి. పొదిగించి మందను పెంచుకోవాలంటే నాటు పెట్టే మేలు. సంతలో బేరమాడేటప్పుడు జాతి పేరు చెప్పేవాణ్ని వయసు, బరువు, ఇప్పటిదాకా పెట్టిన గుడ్లు అడగండి. వాటికి జవాబు రాకపోతే నాటు ధరే ఇవ్వండి.