నాలుగు వైపులా 30 గజాలు... స్థలం 900 గజాలేనా?

ఊరి శివార్లో స్థలం చూపించే మధ్యవర్తి లెక్క చాలా సులువు. నాలుగు హద్దులమీదా టేపు పట్టి, ఎదురెదురు భుజాలను కలిపి సగం చేసి, వచ్చిన రెంటినీ గుణించేస్తాడు. నాలుగు వైపులా 30 వచ్చిందా, 900 గజాలు! కొనేవాళ్లూ తలూపేస్తారు. మూలమట్టం సరిగా ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

ఆ స్థలం ఓ పక్కకు వాలి, ఒక కర్ణం 36 గజాలు, రెండోది 48 గజాలు ఉందనుకోండి. భుజాలు అప్పుడూ ముప్పయ్యే. పెద్ద కర్ణం గీస్తే రెండు త్రిభుజాలవుతాయి. ఒక్కోదానికి భూమి 48, ఎత్తు 18, వైశాల్యం 432. రెండూ కలిపితే 864. గజం 30 వేలనుకుంటే, తగ్గిన ఆ 36 గజాలకు 10 లక్షల 80 వేలు ఊరికే పోసినట్టు. పైగా నాలుగు మూలలూ లంబకోణాలు కాకపోతే ఈ సగటు లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, ఒక్కసారీ తక్కువ చూపదు. అమ్మేవాళ్లకు నచ్చదూ మరి! గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు 628లోనే ఈ సగటు లెక్కను స్థూల ఫలమని, అంటే ఉజ్జాయింపు వైశాల్యమని విడిగా చెప్పాడు.

తేడా ఎక్కడ వచ్చిందో కత్తెర చూపిస్తుంది. వాలిన ఆ స్థలాన్ని కాగితంమీద గీసి, ఒక చివర పొడుచుకొచ్చిన త్రిభుజాన్ని కోసి రెండో చివర అతికించండి. చక్కని దీర్ఘచతురస్రం వస్తుంది. దాని పొడవు 30, వెడల్పు మాత్రం 28.8. అంటే గుణించాల్సింది వాలు భుజాన్ని కాదు, నిట్టనిలువు ఎత్తును. త్రిభుజం సంగతీ ఇక్కడే తేలిపోతుంది. అచ్చం అలాంటిదే ఇంకోటి తలకిందులుగా పక్కన చేరిస్తే సమాంతర చతుర్భుజం. అందుకే సగం.

ఈ కోసి అతికించే పని మన దగ్గర చాలా పాతది. క్రీస్తు పూర్వపు ఆపస్తంబ శుల్బసూత్రంలో మహావేది అనే యజ్ఞస్థలం ఉంది. పడమర భుజం 30 పదాలు (పదం అప్పటి పొడవు కొలత), తూర్పు భుజం 24, మధ్య దూరం 36. దక్షిణం వైపు పొడుచుకొచ్చిన త్రిభుజాన్ని కోసి, తిప్పి ఉత్తరాన పెట్టమంటాడు ఆపస్తంబుడు. పడమర మూడు తగ్గి, తూర్పు మూడు పెరిగి రెండూ 27 అవుతాయి. 27ను 36తో గుణిస్తే 972. వెయ్యికి 28 తక్కువ అని సూత్రంలోనే ఉంది. ట్రెపీజియం సూత్రాన్ని బట్టీపట్టించే పాఠానికి ముందు ఈ ఒక్క బొమ్మ వేస్తే చాలదూ?

వృత్తానికీ ఇదే దారి. సన్నని ముక్కలుగా కోసి, ఒకటి పైకి, ఒకటి కిందికి పేర్చితే దీర్ఘచతురస్రానికి దగ్గరవుతుంది. పొడవు పరిధిలో సగం, ఎత్తు వ్యాసార్థం. ముక్కలు సన్నబడేకొద్దీ అంచు తిన్ననవుతుంది. ఆర్యభటుడు 499లో చెప్పిందీ అదే: సగం పరిధిని సగం వ్యాసంతో గుణించమని.

అయితే ఆర్యభటుడంతటివాడూ ఒకచోట తడబడ్డాడు. త్రిభుజానికి సగం అన్న శ్లోకంలోనే పిరమిడ్ ఘనపరిమాణానికీ సగమే అన్నాడని ప్రామాణిక వ్యాఖ్యానాలు చెబుతాయి. అది మూడో వంతు ఉండాలి. బ్రహ్మగుప్తుడు మూడో వంతు అనే రాశాడు.