పెట్టుబడి సరే, ఉద్యోగాలెన్ని?

"ఫలానా కంపెనీ తెలంగాణకు వస్తోంది, వేల కోట్ల పెట్టుబడి" అని రీల్ కనిపిస్తే షేర్ కొట్టేస్తాం కదా? 2022లో తిరుపతి కంపెనీ అమరరాజా మహబూబ్‌నగర్‌లో 9,500 కోట్లు పెడతామంది. అది పదేళ్లలో పెట్టేది, ఒక్కసారే కాదు.

ఐటీ చూడండి. రాష్ట్ర ఎగుమతులు 2022-23లో 2.41 లక్షల కోట్లు, మరుసటి ఏడాది 2.68 లక్షల కోట్లు. కానీ కొత్తగా పెరిగిన ఉద్యోగాలు 1.27 లక్షల నుంచి సుమారు 40 వేలకు పడిపోయాయి. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తీసేస్తామని చెప్పింది.

హైటెక్ సిటీలో జాబ్ పోతే దెబ్బ అక్కడే ఆగదు. మా అల్మాస్‌గూడలో ఫ్లాట్ ఈఎంఐ కట్టడం కష్టమవుతుంది, టిఫిన్ సెంటర్‌కి గిరాకీ తగ్గుతుంది. అందుకే ఈసారి షేర్ చేసే ముందు అడగండి: ఉద్యోగాలెన్ని, ఎప్పటికి?