లెస్టర్ యంగ్ సాక్సోఫోన్ – 1956 నాటి ఒక రికార్డు

యౌవనములో ఆర్జించిన కీర్తి ఒక్కొక్కప్పుడు కళాకారునికే శత్రువగును. తరువాతి కాలములో ఆయన ఏమి చేసినను లోకము పాత కొలబద్దతోనే కొలిచి, “మునుపటి వలె లేదు” అను ఒక్క మాటతో తీర్పు చెప్పివేయును. అమెరికా దేశపు నల్లజాతి సంగీతజ్ఞుడు లెస్టర్ యంగ్ (1909–1959) విషయమున ఈ మాట పదే పదే వినబడినది. అది ఎంతవరకు న్యాయమో, 1956 జనవరి 13న న్యూయార్కులో ఆయన మరి ముగ్గురితో కలిసి చేసిన రికార్డు ఆధారముగా పరిశీలింపదలచినాము.

ముందుగా వాద్యమును గూర్చి ఒక మాట. సాక్సోఫోన్ బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ నిర్మించి, 1846లో పారిస్ నగరమున పేటెంటు పొందిన వాద్యము. ఒడలు ఇత్తడిదే అయినను నాదము పుట్టునది రెల్లుపలక నుండియే. మన సన్నాయికి అట్టి పలకలు రెండు, దీనికి ఒకటే. అందులో ‘టెనర్’ అనునది పురుష కంఠమునకు సమీపమైన స్థాయి గలది. 1930–40 మధ్య పెద్ద బృందములు నాట్యశాలలలో వాయించిన జాజ్ సంగీతమునకు ‘స్వింగ్’ అని పేరు. అడుగున తాళము సమముగా నడచుచుండగా, పైని స్వరములు దెబ్బకు కొంచెము ముందు వెనుకలుగా ఊగుచు సాగుటయే దాని జీవము.

ఆ కాలమున టెనర్ సాక్సోఫోన్ అనగా కోల్‌మన్ హాకిన్స్ అనియే అర్థము. ఆయన నాదము గంభీరము, నిండైనది, కంపితములతో కూడినది. 1936లో కౌంట్ బేసీ బృందముతో తొలిసారి రికార్డు చేసిన యంగ్ దీనికి భిన్నమైన మార్గము చూపినాడు. ఆయన నాదము తేలికైనది, కంపితము స్వల్పము. స్వరముల నడుమ విడిచిన మౌనము సైతము ఆయన సంగీతములో భాగమే. ఆ పద్ధతిని అనుసరించి ఒక తరము వాద్యకారులు తయారైనారు. గాయని బిల్లీ హాలిడే ఆయనను ‘ప్రెజ్’ అని, అనగా అధ్యక్షుడని, పిలిచినది.

1944లో ఆయన నిర్బంధముగా సైన్యమున చేర్చబడినాడు. అచట సంగీత బృందములో స్థానము దొరకలేదు. 1945 ఫిబ్రవరిలో మాదకద్రవ్యములు కలిగియున్న నేరమునకు సైనిక న్యాయస్థానము ఒక సంవత్సరము నిర్బంధ శిక్ష విధించినది. వర్ణవివక్ష బలముగా నున్న దక్షిణ రాష్ట్రములలో ఒక సున్నిత హృదయునికి ఆ నెలలు ఎట్లు గడచియుండునో ఊహింపవచ్చును. విడుదలైన పిదప ఆయన ప్రతిభ నశించినదని విమర్శకులు కొందరు తేల్చివేసినారు. మద్యపానము మితిమీరినది, ఆరోగ్యము క్షీణించినది. 1955 నవంబరులో మానసికముగా క్రుంగి ఆసుపత్రి పాలైనాడు.

అచటినుండి తేరుకొని వచ్చిన కొద్ది వారములకే, నార్మన్ గ్రాంజ్ నిర్వహణలో, మేము పేర్కొన్న రికార్డు జరిగినది. పియానోపై టెడ్డీ విల్సన్. 1937లో బిల్లీ హాలిడే పాటలకు యంగ్‌తో కలిసి వాయించినవాడు. డ్రమ్ములపై జో జోన్స్; బేసీ బృందములోని పాత సహచరుడు. బాస్‌పై జీన్ రేమీ. పెద్ద బృందములో ఒక వాద్యకారునికి ఒంటరిగా వాయించుటకు దొరకునది కొద్ది క్షణములే. ఇచట ఊది వాయించువాడు ఆయన ఒక్కడే. దాగుకొనుటకు చోటు లేదు. ఊపిరి తడబడినను తెలిసిపోవును.

వారు వాయించిన ‘ఆల్ ఆఫ్ మీ’, ‘లూయీజ్’, ‘ప్రిజనర్ ఆఫ్ లవ్’ మొదలగునవి పాత జనప్రియ గీతములు. ‘ఆల్ ఆఫ్ మీ’ వంటి గీతము 32 గతుల ఒక ఆవృత్తి. మొదట పాట వరుస వినిపించి, పిమ్మట అదే స్వరసంగతుల చట్రముపై ప్రతి ఆవృత్తిలోను క్రొత్త వరుస అప్పటికప్పుడు కల్పింపవలెను. మన సంగీతములో దీనిని మనోధర్మ మందుము. గజల్ గాయకుడు ఒకే మిస్రాను పలుమారులు పలువిధముల పలికి, ప్రతిసారి క్రొత్త భావము స్ఫురింపజేయును గదా! యంగ్ మార్గము దానికి దగ్గరైనది. పాటను వాయించువానికి దాని మాటలు తెలిసియుండవలె నని ఆయన సిద్ధాంతము. కావుననే ఆ వాద్యము మాటలు లేకయే మాటాడినట్లుండును.

1936 నాటి యంగ్ పరుగెత్తు సెలయేరు. ఈ రికార్డులోని యంగ్ అట్లు పరుగెత్తడు. నాదము మునుపటికన్న బరువెక్కినది, కొంత బొంగురుపోయినది. నాలుగు స్వరములు పలికి ఆగును. ఆ ఖాళీలో విల్సన్ పియానో ముత్యముల వలె జారును. జోన్స్ తాళము నెమ్మదిగా వెన్నుతట్టును. మరల రెండు స్వరములే, కాని వానికి మారుగా మరి రెండు చేర్చుటకు వీలుపడదు. దీనిని క్షీణత అందుమా, పరిపాకము అందుమా? బలము తగ్గినది నిజమే. ఆ తగ్గిన బలముతో ఏది అవసరము, ఏది అనవసరము అను వివేకము పెరిగినదని మా అభిప్రాయము.

ఆ తరువాత ఆయన జీవించినది మూడేండ్లకు కొంచెము పైన మాత్రమే. 1959 మార్చి 15న, పారిస్ నుండి తిరిగివచ్చిన కొన్ని గంటలకే, న్యూయార్కులో కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయస్సు 49. విమర్శకుల తీర్పులు పత్రికల పుటలలో మిగిలినవి; ఆ జనవరి దినపు సంగీతము నేటికిని వినబడుచున్నది. ఒక మనిషి పని ముగిసినదని ఇతరులు నిర్ణయించుటకు ముందు, ఆయన ఇప్పుడేమి చెప్పుచున్నాడో ఒక్కసారి చెవియొగ్గి వినుట మన ధర్మము. విద్యార్థులు అవకాశము చిక్కినపుడు ఈ రికార్డు విని, తామే తీర్పరులు కాగలరని ఆశించుచున్నాము.