మాడిన నూనె డీజిల్ అవుతుంది

బజ్జీల బండి మీద మూకుడు దిగదు. పొద్దున పోసిన నూనె సాయంత్రానికి నల్లబడుతుంది. చిక్కబడుతుంది. నురగ కడుతుంది. ఆ నూనె తర్వాత ఏమవుతుంది?

కొందరు మర్నాడు కొత్త నూనెలో కలిపేస్తారు. కొందరు చవగ్గా అమ్మేస్తారు. కొందరు మురుగు కాలువలో పోస్తారు. కలిపితే తినేవాళ్లకు చెరుపు. పదే పదే కాచిన నూనెలో చెడు పదార్థాలు పుడతాయి. అవి గుండెకు ముప్పు తెస్తాయి. పారబోస్తే కాలువ పూడుకుపోతుంది.

అందుకే మన దేశంలో 2018 జూలై 1 నుంచి ఒక నియమం ఉంది. చెడు పదార్థాలు నూటికి 25 పాళ్లు దాటిన నూనెను వంటకు వాడకూడదు. అదే ఏడు ఆగస్టులో వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించే పథకం మొదలైంది.

నూనెతో ఇంజను నడుస్తుందా? నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. కానీ వంట నూనె చిక్కన. ఇప్పటి ఇంజనులో అలాగే పోస్తే పాడవుతుంది. ముందు దాన్ని పలచన చేయాలి.

నూనె అణువు మూడు కాయల గుత్తి లాంటిది. కాయలు కొవ్వు ఆమ్లాలు. కాడ గ్లిజరిన్. కాడ నుంచి కాయలు విడదీసి మిథనాల్‌తో కలిపితే బయోడీజిల్ అవుతుంది. మిగిలిన గ్లిజరిన్ శుద్ధి చేస్తే సబ్బులకు పనికొస్తుంది.

మామూలుగా ఈ పనికి కాస్టిక్ సోడా వాడతారు. కానీ మాడిన నూనెలో కొన్ని కాయలు ముందే రాలి ఉంటాయి. అవి సోడాతో కలిసి సబ్బు అవుతాయి. డీజిల్ తగ్గిపోతుంది.

ఇక్కడే సూక్ష్మజీవులు సాయం చేస్తాయి. పాలను పెరుగు చేసేవీ, ఇడ్లీ పిండిని పులియబెట్టేవీ కంటికి కనబడని జీవులే కదా! అలాగే కొన్ని రకాల ఈస్టు, బూజు లైపేజ్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. అది కత్తెరలా కాయలను విడదీస్తుంది. సబ్బు కట్టదు. పెద్ద మంట అక్కర్లేదు, సుమారు 40 డిగ్రీల వేడి చాలు. లైపేజ్‌ను చిన్న పూసలకు పట్టిస్తే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కాకపోతే దాని ఖరీదు ఎక్కువ. పని నిదానం. మిథనాల్ ఒక్కసారే పోస్తే లైపేజ్ పాడవుతుంది. కొద్దికొద్దిగా పోయాలి.

ఇది ఇంట్లో చేసే పని కాదు. మిథనాల్ విషం. లోపలికి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. ఇట్టే అంటుకుంటుంది.

ఆడవాళ్లు చేయగలిగింది వేరే ఉంది. నూనె చల్లారాక వడగట్టాలి. నీళ్లు తగలకుండా మూత ఉన్న డబ్బాలో పోయాలి. బయోడీజిల్ కోసం సేకరించేవాళ్లు వస్తే వాళ్లకే ఇవ్వాలి. తేదీ, లీటర్లు, ధర పుస్తకంలో రాసుకోవాలి. చీటీ అడిగి తీసుకుని చదవాలి. ఎవరో వచ్చి చవగ్గా కొంటామంటే, ఆ నూనె ఎక్కడికి పోతుందో నిలదీసి అడగాలి. అది మళ్లీ ఏ పసివాడి పళ్లెంలోకీ రాకూడదు.